బాయిలకు ముందుగాల దీపం

మా ఇంటి వెనుక ఒక చేదబావి ఉంది. ఊళ్లో అందరూ బాయి అంటారు, నేనూ అదే అంటాను. ఎండాకాలం నీళ్లు అడుగంటినప్పుడు పూడిక తీయించేవాళ్లు. బురద, కుళ్లిన వేపాకు, పగిలిన బొక్కెన ముక్కలు, ఎవరిదో ఒంటి చెప్పు, ఎప్పుడో జారిపోయిన ఇత్తడి చెంబు, అన్నీ పైకి వచ్చే రోజు అది. పిల్లలకు పండుగే. కానీ పండుగ మొదలయ్యే ముందు కాసేపు ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు.

పట్టపగలు మా తాత కందీలు వెలిగించేవాడు. చిమ్నీని పాత ధోతి గుడ్డతో తుడిచి, వత్తి ఎగుడుదిగుడు లేకుండా సరిచేసి, దాన్ని చేంతాడు కొసకు కట్టి, గిరక మీదుగా జానెడు జానెడు దించేవాడు. మేము గట్టు మీద బోర్లా పడుకుని చూసేవాళ్లం. పైన ఎండలో ఉన్నట్టే కనిపించని ఆ వెలుగు, లోపలికి దిగినకొద్దీ పచ్చబడేది. రాళ్ల సందుల్లో మొలిచిన రావి మొక్కలు, పావురాల గూళ్లు ఒక్కొక్కటే కనబడి మళ్లీ చీకట్లో కలిసిపోయేవి.

“నిలవడ్డదా?” అని అడిగేవాడు తాత.

“నిలవడ్డదే తాతా.”

“ఇంకింత సేపు సూడుర్రి.”

ఒక ఏడు దీపం నిలవలేదు. ముక్కాలు లోతు పోయాక వత్తి ఎర్రబారి, చిన్నదై, ఎవరో నోటితో ఊదినట్టు ఆరిపోయింది. తాత ఏమీ అనలేదు. పైకి లాగి పక్కన పెట్టాడు. వేపమండలు కోసుకురమ్మన్నాడు. వాటిని తాడుకు కట్టి, బాయిలో కిందికీ మీదికీ చాలాసేపు ఆడించారు. బిందెలకు బిందెలు నీళ్లు తెచ్చి పైనుంచి గుమ్మరించారు. మళ్లీ దీపం దించారు. మళ్లీ ఆరింది. పూట గడిచిపోయింది. పూడిక తీయడానికి వచ్చిన ఆయనను నేను మామా అని పిలిచేవాణ్ణి. ఆయన చెట్టు కింద బీడీ కాలుస్తూ ఊరికే కూర్చున్నాడు. మా ఇంట్లోవాళ్లే ఎవరో, ఊపిరి బిగబట్టి ఒక్కసారి దిగి చూస్తే అయిపోతుంది కదా అన్నారు. తాత కోపంగా తల తిప్పాడు.

“దిగుడు ఎవ్వనికైన అస్తది. మీదికచ్చే తొవ్వ జూసుకున్నంకనే దిగాలె.”

అప్పుడు నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లుంటాయి. కారణం తెలియదు. తరువాత భౌతికశాస్త్రం చదివి, దాన్నే బడిపిల్లలకు చెప్పి బతికాను కనుక ఇప్పుడు తెలుసు. ఆకులు, చెత్త కుళ్లేటప్పుడు ప్రాణవాయువు ఖర్చవుతుంది, బొగ్గుపులుసు గాలి పుడుతుంది. అది మామూలు గాలి కంటే బరువు. గాలి ఆడని బావి అడుగున నీళ్లలాగే నిండి నిలుస్తుంది. దీపానికి చాలని గాలి మనిషికీ చాలదు. కందీలు అన్నీ చెప్పదన్న సంగతీ నాకు తెలుసు. నీళ్లు తోడడానికి బావిలోకి ఇంజను దించి నడిపితే వచ్చే విషవాయువును అది పట్టుకోలేదు. దీపం వెలుగుతూనే ఉంటుంది, మనిషి పడిపోతాడు. కొన్ని గాలులకైతే మంటే ప్రమాదం. అయినా ఆ కందీలును తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది. మనిషి కంటే ముందు ఇంకొకదాన్ని పంపి, అది చెప్పేదాకా ఆగడం అనే బుద్ధి అందులో ఉంది.

ఆ బుద్ధినే జీవితమంతా నమ్ముకున్న ఒక పెద్దమనిషి గురించి నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. ముందు ఒక ఫోటో చూశాను. ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు. ఒకాయన బాగా పొడుగు, సన్నటి మెడ, గుండ్రటి కళ్లద్దాలు. ఇద్దరి నెత్తిమీదా బోర్లించిన బుట్టలు. నిజంగానే అల్లిన బుట్టలు, లోపల మెత్తలు కుట్టి ఉన్నాయి. నేల మీద పడేటప్పుడు తల పగలకుండా పెట్టుకున్న టోపీలవి. మా ఊళ్లో పసుపు కొమ్ములు మోసే తట్టల్లాగే ఉన్నాయి. ఆ బుట్టలు పెట్టుకుని వాళ్లు అంతకు ముందు మనిషన్నవాడు ఎవరూ ఎక్కనంత ఎత్తుకు ఎక్కబోతున్నారని కింద రాసి ఉంది. నేను ఆ పేజీ దగ్గరే ఆగిపోయాను.

పొడుగాయన పేరు ఆగస్ట్ పికార్డ్. 1884 జనవరి 28న స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో పుట్టాడు. ఆయన కవల సోదరుడు జీన్ కూడా తరువాత బెలూన్ల మనిషే అయ్యాడు. పికార్డ్ జ్యూరిక్‌లో ఇంజనీరింగ్ చదివి, భౌతికశాస్త్రంలోకి వచ్చి, 1922లో బ్రసెల్స్‌లో ఆచార్యుడయ్యాడు. 1927 సాల్వే సమావేశం ఫోటో చాలామంది చూసే ఉంటారు. ఐన్‌స్టైన్, మేరీ క్యూరీ, నీల్స్ బోర్ అందరూ ఉన్న ఫోటో. అందులో వెనుక వరుసలో ఎడమ కొసన నిలబడింది ఈయనే. ఎన్నేళ్లుగానో ఆ బొమ్మను తరగతి గోడకు అంటించి పెట్టుకున్నవాణ్ణి, ఆ కొసన ఉన్నాయన ఎవరని ఒక్కనాడూ అడగలేదు.

ఆయనకు కావలసింది ఎత్తు కాదు. 1912లో విక్టర్ హెస్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త బెలూన్‌లో 5 కిలోమీటర్లు దాటి ఎక్కి, పైకి పోయినకొద్దీ ఏదో కిరణం ఎక్కువవుతోందని కనిపెట్టాడు. అవి ఎక్కడో అంతరిక్షం నుంచి వచ్చి పడే కణాలు. వాటికే విశ్వకిరణాలని పేరు. వాటిని కొలవాలంటే గాలి పొర చాలామటుకు కిందికి పోయేంత పైకి పోవాలి. అక్కడ మనిషి బతకడు. 16 కిలోమీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి ఇక్కడి దానిలో పదో వంతు. పికార్డ్ ఆలోచన తేట నీళ్లలా ఉంది. మనిషిని ఆ గాలికి అలవాటు చేయలేం, కాబట్టి మనిషి గాలిని మనిషితోపాటే పంపాలి. ఏడడుగుల వెడల్పున్న ఒక అల్యూమినియం గోళం చేయించాడు. గోడ మందం మూడున్నర మిల్లీమీటర్లే. లోపల ద్రవరూపంలో ప్రాణవాయువు, వదిలిన ఊపిరిలోని బొగ్గుపులుసు గాలిని పీల్చే క్షారం. ఇద్దరు మనుషులు, వాళ్ల పనిముట్లు. తలుపు మూస్తే అందులో ఉన్నది నేల మీది గాలి. దాన్నంతటినీ మోయడానికి 14,000 ఘనమీటర్ల బెలూన్. దాన్ని నిండా నింపలేదు. కొద్ది హైడ్రోజన్ మాత్రమే పట్టి వదిలారు. పైకి పోయినకొద్దీ బయట ఒత్తిడి తగ్గి లోపలి వాయువు దానంతటదే ఉబ్బుతుంది కదా. నేల మీద ముడతలు పడి, ఎండిన బీరకాయలా వేలాడిన సంచి పైన నిండు గుమ్మడికాయ అవుతుంది.

1931 మే 27 తెల్లవారుజామున, జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నుంచి పికార్డ్, ఆయన శిష్యుడు పాల్ కిప్ఫర్ లేచారు. ఆ ప్రయాణం అంతా చదివితే నాకు అర్థమైంది ఒక్కటే, అన్నీ తప్పాయి. లేస్తుండగానే గోళానికి ఒకచోట చిల్లు ఉన్నట్టు తేలింది, లోపలి గాలి బయటికి పోతోంది. పికార్డ్ ముందుచూపుతో వాజిలిన్, పీచు కలిపిన ముద్ద వెంట పెట్టుకున్నాడు. దాన్ని చిల్లులో కూరాడు. పోయిన గాలికి బదులు ప్రాణవాయువును గోళంలో ఒలకబోశాడు. అరగంటకు చిల్లు మూసుకునే సరికి వాళ్లు 15 కిలోమీటర్ల పైన ఉన్నారు. బారోమీటరు పగిలి పాదరసం నేల మీద పడింది. పాదరసానికి, అల్యూమినియానికి పడదు, లోహాన్ని తినేస్తుంది. ఒక గొట్టం కొసను బయటికి తెరిచి, బయటి శూన్యమే దాన్ని పీల్చుకునేటట్టు చేశాడు. గోళానికి ఒకవైపు నలుపు, ఇంకొకవైపు తెలుపు వేయించాడు. ఎండ కావాలంటే నల్లవైపు, వద్దంటే తెల్లవైపు సూర్యుడికి తిప్పుకోవాలని. తిప్పే మోటారు పనిచేయలేదు. నల్లవైపే సూర్యుడికి నిలిచింది. బయట గడ్డకట్టే చలి, లోపల మా జగిత్యాల మే నెల. తాగే నీళ్లు అయిపోయి గోడకు పట్టిన చెమ్మను నాకారు.

అన్నిటికంటే పెద్ద తప్పు ఇంకొకటుంది. వాయువు వదిలి కిందికి దిగడానికి ఒక మూత, దానికి ఒక తాడు ఉంటుంది. ఆ తాడు చిక్కుపడింది. ఎంత లాగినా మూత తెరుచుకోలేదు. పగలంతా ఎండకు వాయువు వేడెక్కి బెలూన్ అక్కడే నిలిచిపోయింది. ప్రాణవాయువు లెక్క తగ్గుతోంది. వాళ్లు 15,781 మీటర్ల ఎత్తున ఉన్నారు, దిగే తొవ్వ లేదు. కింద పత్రికలు చనిపోయారనే రాశాయి. పొద్దు వాలాక వాయువు చల్లబడి ముడుచుకుంది. బెలూన్ మెల్లగా దిగి, రాత్రి తొమ్మిదింటి ప్రాంతంలో ఆస్ట్రియాలోని గుర్గ్ల్ హిమానీనదం మీద కూలింది. ఆ మంచులోనే రాత్రి గడిపి, తెల్లవారి నడిచి ఒబెర్‌గుర్గ్ల్ అనే పల్లెకు చేరారు.

ఇది సాహసమని అందరూ అన్నారు. నాకు మాత్రం వాజిలిన్ ముద్ద దగ్గరే మనసు ఆగుతుంది. చిల్లు పడుతుందని ఆయనకు తెలియదు. పడితే ఏం చేయాలో నేల మీదనే ఆలోచించి పెట్టుకున్నాడు. తాడు చిక్కు పడుతుందని మాత్రం ఆలోచించలేదు. ఆ ఒక్కదానికే ప్రాణాల మీదికి వచ్చింది. మరుసటి ఏడు 1932 ఆగస్టు 18న లోపాలు సరిదిద్దుకుని, గోళానికి పూర్తిగా తెలుపు వేసి, మాక్స్ కోసిన్స్‌ను వెంటబెట్టుకుని మళ్లీ ఎక్కాడు. ఈసారి 16,201 మీటర్లు. లోపల గజగజ వణికారట.

ఆ బెలూన్ల బంధువులు మా ఆకాశంలోనూ తిరుగుతాయని చెబితే మా ఊరి పిల్లలు మొదట నమ్మరు. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూన్ కేంద్రం ఉంది. 1969 నుంచి అక్కడినుంచి ఎగరేస్తున్నారు. అంతకు ముందు ఉస్మానియా విశ్వవిద్యాలయం మైదానాల నుంచి ఎగరేసేవాళ్లు. ఆ సంస్థను స్థాపించిన హోమీ భాభా విశ్వకిరణాల మనిషి. ఆ పనికి హైదరాబాద్ ఎందుకు కుదిరిందంటే, ఇది భూమి అయస్కాంత మధ్యరేఖకు దగ్గర. తక్కువ శక్తి గల కణాలను భూమి అయస్కాంతమే ఇక్కడికి రానివ్వకుండా వంచేస్తుంది. జల్లెడ పట్టిన తరువాత మిగిలిన గట్టి గింజల్లాగా, మహాశక్తి ఉన్నవే వచ్చి పడతాయి. వాటిని విడిగా చూడవచ్చు. చలికాలం, ఎండాకాలం మొదట్లో, గాలి లేని రాత్రి వేళ, పల్చటి పాలిథీన్ బెలూన్‌లో హైడ్రోజన్ నింపి వదులుతారు. 30, 40 కిలోమీటర్లు పోతుంది. పని అయ్యాక పనిముట్ల పెట్టె తెగి, పారాచూట్‌తో దిగుతుంది. గాలి ఎటు తోస్తే అటు. ఒక్కోసారి హైదరాబాద్‌కు రెండు మూడు వందల కిలోమీటర్ల దూరంలో ఏ పత్తిచేనులోనో పడుతుంది. అందుకే ముందుగా జిల్లా అధికారులకు, పోలీసులకు చెప్పి పెడతారు. దొరికినవాళ్లు ముట్టుకోవద్దని, కబురు చేయమని పెట్టె మీద రాసి ఉంటుంది.

2005 ఏప్రిల్ 20న అక్కడినుంచి లేచిన ఒక బెలూన్ సంగతి నేను ఏటా పిల్లలకు చెప్పేవాణ్ణి. ఇస్రో వారి ప్రయోగం, ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ వంటివారు వెనుక ఉండి నడిపింది. 459 కిలోల సరంజామా, అందులో 38 కిలోల ద్రవ నియాన్. శుభ్రం చేసి మూసిన ఉక్కు గొట్టాలను పైకి పంపి, 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య గాలిని పట్టి తెచ్చారు. హైదరాబాద్ సీసీఎంబీలో, పుణెలో పరీక్షిస్తే ఆ గాలిలో బాక్టీరియా ఉంది. అందులో మూడు అంతకు ముందు ఎవరూ ఎరగని జాతులు. ఒకదానికి ఆర్యభట పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఇంకొకదానికి ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్ పేరు పెట్టారు. తాత బాయిలోకి కందీలు దించి అడుగు గాలి ఎలా ఉందో చూసినట్టే, వీళ్లు పైకి గొట్టం పంపి పై గాలి ఎలా ఉందో చూశారు.

2022 డిసెంబర్ 7న వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్ల పొలాల్లో ఒక పెద్ద తెల్లని క్యాబిన్ దిగింది. జనం గుమిగూడారు. పరగ్రహం వాళ్ల వాహనమన్న మాట ఫోన్లలో చుట్టేసింది. మనుషులను బెలూన్‌లో పైకి తీసుకుపోవాలనుకుంటున్న స్పెయిన్ కంపెనీ ఒకటి హైదరాబాద్ కేంద్రం నుంచి చేసిన పరీక్ష అది. లోపల ఎవరూ లేరు. ఆ ఫోటోలు చూసినప్పుడు నేను వెంటనే 1931 నాటి గోళాన్ని గుర్తుపట్టాను. తొంభై ఏళ్ల తరువాత ఇక్కడ మా తాత కందీలు పద్ధతే, ముందు మనిషి లేని క్యాబిన్ పోతుంది, అది క్షేమంగా దిగినాకనే మనిషి మాట.

ఎత్తు గురించి ఇంత చెప్పినా, పికార్డ్ నాకు దగ్గరివాడైంది లోతు వల్ల.

మా పొలం బాయిలో ఈత నేర్చుకున్నాం. నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టేవాడు బాపు. బుర్ర తీసేశాక పెద్దపిల్లలు పందెం కాసేవారు, అడుగు మట్టి పట్టుకొచ్చినవాడే మొనగాడని. నేను రెండుసార్లు సగం నుంచి తిరిగి వచ్చాను. మూడోసారి కళ్లు మూసుకుని పోయాను. ఇద్దరు మనుషుల లోతు దాటాక చెవుల్లో ఎవరో వేళ్లు పెట్టి నొక్కుతున్నట్టు, తరువాత సూది దించుతున్నట్టు. చేతికి చల్లటి మెత్తటి బురద తగిలింది. పిడికిలి బిగించాను. పైకి చూస్తే బాయి మూతి పళ్లెమంత పచ్చటి వెలుగు. అక్కడిదాకా ఊపిరి చాలుతుందా అన్న భయం ఆ క్షణంలో తెలిసింది, దిగేటప్పుడు లేదు. పైకి వచ్చేసరికి గుప్పిట్లో బురద సగం కరిగిపోయింది. చెవి రెండు రోజులు నొచ్చింది. నీటి బరువు అంటే ఏమిటో తరగతిలో పిల్లలకు చెప్పేటప్పుడల్లా నా చెవే గుర్తొచ్చేది. ప్రతి పది మీటర్లకు ఇంకొక గాలి బరువంత ఒత్తిడి పెరుగుతుంది. మా బాయి పది మీటర్లు కూడా ఉండదు. సముద్రం అన్నిటికంటే లోతైన చోట దాదాపు పదకొండు వేల మీటర్లు ఉంది.

పికార్డ్ కంటే ముందే అమెరికావాళ్లు విలియం బీబ్, ఓటిస్ బార్టన్ ఒక ఉక్కు గుండును ఓడ నుంచి ఇనుప తాడుతో వేలాడదీసి, 1934లో 923 మీటర్లు దిగారు. అది మన చేదబావి లెక్కే, గుండు బొక్కెన, ఓడ గిరక. బావిలో తాడు తెగితే పాతాళగరిగె వేసి వెతుకుతాం, ఏదో ఒకనాటికి బొక్కెన చిక్కుతుంది. సముద్రంలో తాడు తెగితే వెతికేది లేదు. పికార్డ్ తాడే వద్దన్నాడు. గాలిలో బెలూన్‌కు తాడు ఉందా? నీళ్లలో మాత్రం ఎందుకు? నీటికన్నా తేలికైనదాన్ని పైన సంచిలో పెట్టి, దాని కింద గోళాన్ని వేలాడదీస్తే అది నీటిలో ఎగిరే బెలూన్ అవుతుంది.

ఇక్కడే నా సొరకాయ బుర్ర పనికిరాదు. బుర్రలో ఉన్నది గాలి. లోతుకు పోతే నీటి ఒత్తిడికి గాలి నలిగిపోతుంది, బుర్ర పగిలిపోతుంది. పికార్డ్ గాలి బదులు పెట్రోలు ఎంచుకున్నాడు. పెట్రోలు నీటికన్నా తేలిక, గాలిలా నలగదు. అది ఉన్న తొట్టి అడుగున సముద్రానికి తెరిచి పెట్టాడు. లోపల ఎంత ఒత్తిడో బయట అంతే, కాబట్టి తొట్టికి పల్చటి రేకు చాలు. మనుషులు కూర్చునే గోళం మాత్రమే మందపాటి ఉక్కు. ఆ వాహనానికి గ్రీకు మాటలతో బాతిస్కాఫ్ అని పేరు పెట్టాడు, లోతు పడవ అని దాని అర్థం.

మునగడానికి బరువు కావాలి కదా. టన్నుల కొద్దీ ఇనుప గుండ్లను గరాటాల్లో నింపాడు. గరాటాకు అడుగున మూత లేదు. చుట్టూ విద్యుత్ తీగ చుట్టాడు. కరెంటు పారుతున్నంతసేపు అయస్కాంతమై గుండ్లు ఒకదానినొకటి అంటుకుని నిలుస్తాయి. పైకి రావాలంటే కరెంటు ఆపితే చాలు, గుండ్లు రాలిపోతాయి, పెట్రోలు పైకి లేపుతుంది. బ్యాటరీ చచ్చిపోయినా, తీగ తెగినా, లోపలి మనుషులు స్పృహ తప్పి కరెంటు అయిపోయినా జరిగేది ఒక్కటే, గుండ్లు రాలుతాయి. ఏది చెడినా అది పైకే వస్తుంది. కింద ఉండటానికి పని కావాలి, పైకి రావడానికి ఏ పనీ అక్కర్లేదు. నా ఇన్నేళ్ల పాఠాల్లో ఇంతకన్నా అందమైన యంత్రాన్ని నేను చూడలేదు. ఇది 1931లో చిక్కుపడ్డ ఆ తాడుకు ఆయన ఇచ్చుకున్న జవాబు అని నా నమ్మకం. ఆ రోజు దిగే తొవ్వ ఒక తాడు మీద ఆధారపడింది. ఈసారి తిరిగివచ్చే తొవ్వను దేనిమీదా ఆధారపెట్టలేదు.

1948లో పశ్చిమ ఆఫ్రికా దగ్గర సముద్రంలో మొదటి పరీక్ష. కొద్ది మీటర్లు మనుషులతో మునిగి చూసి, తరువాత లోపల ఎవరూ లేకుండా వదిలారు. అది 1,380 మీటర్లు పోయి, తనంతట తాను గుండ్లు వదిలి తిరిగి వచ్చింది. లోపల గోళం పొడిగా ఉంది. దీపం నిలవడ్డది. పైన పెట్రోలు తొట్టి మాత్రం అలల దెబ్బకు చెడింది, ఎగతాళి చేసినవాళ్లు చేశారు. ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. 1953లో ఇటలీలో త్రియెస్త్ అనే రెండో బాతిస్కాఫ్ తయారైంది. ఆ సెప్టెంబర్ 30న పొంజా దీవి దగ్గర తన కొడుకు జాక్‌ను వెంటబెట్టుకుని తానే దిగాడు. 3,150 మీటర్లు. అప్పుడు ఆయన వయసు 69. ఆ వయసులో మా వైపు మనవళ్లు పట్టుకుని బాయి గట్టు ఎక్కిస్తారు.

త్రియెస్త్‌ను 1958లో అమెరికా నౌకాదళం కొనుక్కుంది. 1960 జనవరి 23న జాక్ పికార్డ్, డాన్ వాల్ష్ అందులో పసిఫిక్ మహాసముద్రపు మరియానా అగాధానికి దిగారు. చదరపు సెంటీమీటరు మీద టన్నుకు పైగా బరువు. దారిలో బయటి కిటికీ పలక ఒకటి పెద్ద చప్పుడుతో పగులు వారింది. ఐదు గంటలకు కొద్దిగా తక్కువ పట్టింది దిగడానికి. అడుగున ఉన్నది ఇరవై నిమిషాలు. గుండ్లు వదిలారు, పైకి వచ్చారు. ముసలాయన ఆ కబురు విన్నాడు. 1962 మార్చిలో లోజాన్‌లో కన్నుమూశాడు.

విశ్వకిరణాలను వెతుకుతూ మనవాళ్లూ ఇలాగే పైకీ కిందికీ పోయారు. హైదరాబాద్ నుంచి బెలూన్లు ఎగరేసిన ఆ టాటా సంస్థవాళ్లే కోలారు బంగారు గనుల్లో 2 కిలోమీటర్లకు పైగా లోతున పరికరాలు పెట్టారు. భూమి పొరలు మిగతా కణాలన్నిటినీ ఆపేస్తే, దేన్నైనా దాటి వచ్చే న్యూట్రినోల జాడ 1965లో అక్కడ దొరికింది. కోలారు కర్ణాటకది, కానీ ఆ చుట్టుపక్కల వీధుల్లో తెలుగు వినబడుతుంది. ఆ గనుల్లోకి రోజూ దిగిన కూలీల కోసం వేసిన లిఫ్టులే శాస్త్రవేత్తలనూ దించాయి.

కూలీల మాట వచ్చింది కాబట్టి మా మాట చెప్పాలి. తెలంగాణలో బతుకుతెరువు గురించి ఒక నానుడి ఉంది, బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. మూడింటి చివరా బాయే. మా పెగడపల్లిలో, చుట్టుపక్కల గొల్లపల్లిలో, ధర్మపురిలో, అటు కోరుట్లలో, సిరిసిల్లలో ఈ మూడింటిలో ఏదో ఒకదానికి మనిషి పోని ఇల్లు తక్కువ. బొగ్గుబాయికి పోయినవాడికి టోపీ మీద దీపం, గాలి చూసే మనిషి, పైకి తెచ్చే లిఫ్టు ఉండేవి. అయినా ప్రమాదాలు జరిగాయి, కానీ ఆ ఏర్పాటంటూ ఒకటి ఉంది. సిరిసిల్ల నుంచి బొంబాయి, భివండి మగ్గాలకు పోయినవాడికి కనీసం రైలు తెలుసు, భాష కొంత పట్టుబడుతుంది. దుబాయికి పోయేవాడికి ముందుగా ఎవరు దీపం దించి చూశారు?

మా వాడకట్టు పిల్లగాడు ఒకడు నా దగ్గర పదో తరగతి చదివాడు. లెక్కల్లో గట్టివాడు. వీసా వచ్చిందని స్వీట్ పెట్టెతో వచ్చి కాళ్లు మొక్కాడు. ఎన్ని అప్పులు తెచ్చావురా అంటే నవ్వాడు. మాట రాసిచ్చిన కాగితం ఉందా, ఏ పని, ఎంత జీతం, అనారోగ్యం వస్తే ఎవరు చూస్తారు అని అడిగితే, “అక్కడికి పోయినంక జూసుకుందం సార్” అన్నాడు. ఏజెంటు పాస్‌పోర్టు తనే దాచిపెడతానన్నాడట. నేను ఆ రోజు ఇంకా గట్టిగా అడగాల్సింది. నాలుగేళ్లయింది. వాడు బతికే ఉన్నాడు, నెలకోసారి ఫోన్ చేస్తాడు. కానీ అప్పు తీరక, కాగితాలు చేతిలో లేక, రాలేక ఉన్నాడు. తల్లి పోయినప్పుడు వీడియోలో చూశాడు. పై ఎత్తున తాడు చిక్కుపడి, పొద్దు వాలేదాకా వేలాడిన ఆ గోళాన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు వీడు గుర్తొస్తాడు. వీడికి పొద్దు ఎప్పుడు వాలుతుందో.

ఇంకా దగ్గర బావులున్నాయి. పట్నాల్లో మురుగు కాలువల మూతలు తీసి, నడుముకు తాడు కూడా లేకుండా మనిషిని దించడం నేను కళ్లారా చూశాను. ఒకాయన లోపలికి వంగి పిలుస్తున్నాడు, లోపలినుంచి జవాబు ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యం కొద్ది సెకన్లే, నా గుండె ఆగినంత పనైంది. మనిషి చేత ఆ పని చేయించకూడదని 2013లో చట్టం వచ్చింది. మురుగులో దిగి చనిపోయినవాళ్ల కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. 16 కిలోమీటర్ల ఎత్తుకు, 11 కిలోమీటర్ల లోతుకు మనిషి గాలిని మనిషితో పంపడం తెలిసిన లోకానికి, పదిహేనడుగుల గుంతకు పంపడం చేతకాక కాదు. పికార్డ్ గోళంలో కూర్చున్నవాడి ప్రాణం అందరికీ విలువైనది. గుంతలోకి దిగేవాడి ప్రాణం కూడా అంతే విలువైనదని అనుకుంటే కందీలు పట్టుకుని గట్టు మీద ఎవరో ఒకరు నిలబడేవారు. నేను ఈ మాట కోపంతోనే రాస్తున్నాను.

మొన్న ఏప్రిల్‌లో మా బాయి పూడిక మళ్లీ తీయించాం. మిషన్ భగీరథ నల్లా వచ్చాక దాన్ని వాడటం తగ్గింది, పూడ్చేద్దామని పిల్లలన్నారు. నాకు మనసొప్పలేదు. పూడిక తీసే మామ ఎప్పుడో పోయాడు. ఆయన మనవడు వచ్చాడు. ఇరవై రెండేళ్లుంటాయి, చేతిలో సెల్‌ఫోన్, దానిలోని లైటు వేసి లోపల చూసి, ఏం లేదు సార్ దిగుతా అన్నాడు. ఫోన్ లైటుకు గాలి అక్కర్లేదు బిడ్డా, అది ఎక్కడైనా వెలుగుతుంది అన్నాను. అటక మీద వెతికితే కందీలు దొరికింది. చిమ్నీ పగిలి ఉంది, కోరుట్లలో పాత సామాన్ల దుకాణంలో ఇంకొకటి తెచ్చాను. గాలి చూసే చిన్న మీటరు ఒకటి తెలిసినవాళ్ల దగ్గర అరువు తెచ్చాను, అదీ దించాను. అయినా తాత కందీలు లేకుండా నాకు ధైర్యం రాలేదు.

వత్తి సరిచేశాను. చేంతాడు ఇప్పుడు నైలాన్‌ది, చేతిలో జారుతుంది. జానెడు జానెడు వదిలాను. మా మనవరాలు గట్టు మీద బోర్లా పడుకుని చూస్తోంది. రాళ్ల సందుల్లో రావి మొక్కలు కనబడ్డాయి. నీళ్లకు జానెడు పైన ఆపాను.

“నిలవడ్డదా?” అన్నాను.

“నిలవడ్డదే తాతా.”

“ఇంకింత సేపు సూడు.”

ఆ పిల్లగాడు ఫోన్ జేబులోంచి తీసి గట్టు మీద పెట్టి, నడుముకు తాడు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. ఇంకొక కొసను నేను వేపచెట్టుకు రెండు చుట్లు చుట్టి, నా చేతికి ఒక చుట్టు వేసుకున్నాను.